మూలకు మసి పూసిన కార్డు

ప్రొద్దుటూరు,
18 జూన్ 1989

ఆదినారాయణ గారికి,

నేను యాకోబును. మీ అక్క యశోద భర్తను. ఇన్నేళ్లలో మనం ఒకరికొకరు ఎప్పుడూ రాసుకోలేదు.

యశోద ఈ నెల పదకొండున పోయింది. మూత్రపిండాలు చెడిపోయాయి. ఎనిమిది నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగాం. చివరి మూడు రోజులు మాట లేదు. జమ్మలమడుగులో మా అమ్మ ఎలిజబెత్ సమాధి ఉన్న తోటలోనే ఖననం చేశాం. యశోద బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోమని నేనూ అడగలేదు. అందువల్ల గోడవారగా ఒక చోటు ఇచ్చారు. చోటు బాగానే ఉంది. మధ్యాహ్నానికి నీడ వస్తుంది.

మాకు పిల్లలు లేరు.

మీకు రాయమని ఆమె చెప్పలేదు. మే నెలలో ఒకరోజు మాత్రం, "ఆదికి చిన్నప్పుడు చెవిలో చీము కారేది, ఇప్పుడు తగ్గిందో లేదో" అంది. అందుకే రాస్తున్నాను. మీ నుంచి ఏదీ ఆశించడం లేదు.

యాకోబు

*

చింతమానుపల్లె,
29-6-89

యాకోబు సారుకు ఆదినారాయణ రాసేది.

మీ జాబు అందింది. మీరు కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లు, మీకు నేను చెప్పేదేముంది. అయినా చెప్తాండా. చావు కబురు నీలం కవర్లో రాస్తారా సారూ ఎవురన్నా? మా ఇండ్లల్లో చావు కబురు కార్డు మీద వస్తాది. మూలకు మసి పూసుంటారు. వాకిట్లోనే నిలబడి చదివి ఆడనే చించేస్తాం. గడప దాటనీయం. మీది కవరు గదా, ఏదో కోర్టు కబురనుకొని నట్టింట్లోకి తెచ్చి చింపితి. మా అమ్మ దేవుని మూల కూర్చొని వత్తులు చేసుకుంటా ఉండె. "ఏందిరా అది" అనె. "ఏంలేదు" అంటి.

ఇంకోమాట. మా అక్కకు మేము ఇరవై ఏండ్ల కిందటే స్నానం చేసినాం. ఆయమ్మ మీతో వచ్చేసిన పదకొండో దినం మా నాయన ఏటి గడ్డన అయ్యవారిని కూర్చోబెట్టి చచ్చినోళ్లకు చేసేవన్నీ చేయించె. కొడుకును నేనొక్కణ్ణే. పద్నాలుగేండ్లోణ్ణి. చెంబుతో నీళ్లు నా చేతనే పోయించిరి. ఒకే మనిషికి రెండుసార్లు మైల పట్టేది మా ఆచారంలో లేదు. కాబట్టి ఇప్పుడు నేను ఏడవాల్నో వద్దో నాకే తెల్దు.

ఈడ వానల్లేవు. శెనక్కాయ విత్తనం ఇంట్లోనే ఉంది.

చెవి తగ్గింది.

ఇట్లు,
ఆదినారాయణ

*

ప్రొద్దుటూరు,
9 జూలై 1989

ఆదినారాయణ గారికి,

ఆచారం నాకు తెలియదు. తెలుసుకుని ఉండవలసింది. ఇరవై ఏళ్లు ఆ ఇంటి కూతురితో కాపురం చేసి ఇంతమాత్రం తెలుసుకోకపోవడం నా తప్పే. క్షమించండి. ఇకముందు అలా జరగదు.

స్నానం సంగతి యశోదకు తెలుసో లేదో నాకు తెలియదు. నాతో ఎప్పుడూ అనలేదు.

మీరు ఏడవాలో వద్దో నేను చెప్పలేను. నా విషయమే నేనింకా తేల్చుకోలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. నూట ఎనభై వచ్చాయి. రోజుకు ముప్పై అవుతున్నాయి.

యాకోబు

*

చింతమానుపల్లె,
20-8-89

సారుకు,

మొన్న ప్రొద్దుటూరు బంగారంగళ్ల బజార్లో మా ఊరాయన ఒకడు నలుగుర్లో నవ్వినాడంట. "మన ఆదిగాని అక్క మొగుడు సాయిబుల ఆడమనిషిని ఇంట్లో పెట్టుకున్న్యాడు, పెండ్లాం పోయి మూడు నెలలన్నా కాలా" అని. ఆ మాట మా ఊరికి నాకంటే ముందు వచ్చింది. ఊర్లో ఎలక్షన్ల వేడి మొదలైంది. మా ఎదుటి వర్గమోళ్లకు నన్ను అనేదానికి ఏదో ఒకటి కావాల. మీరు ఇచ్చినారు.

మా అక్క మీకోసం మమ్మల్నందర్నీ ఇడిసి వచ్చె సారూ. మేము చచ్చిందనుకుంటే అనుకుంటిమి, అది మా యవ్వారం. ఆయమ్మ వంటింట్లో ఇంకో ఆడమనిషి తిరిగేదానికి లేదు. ఆమెను పంపించేయండి. లేకుంటే నేను మనుషుల్ని పంపాల్సొస్తాది.

ఆదినారాయణ

*

ప్రొద్దుటూరు,
27 ఆగస్టు 1989

ఆదినారాయణ గారికి,

ఆమె పేరు గుల్జార్‌బీ. ఈ ఇంటికి మూడు నెలల కింద రాలేదు. ఆరున్నరేళ్లుగా ఇక్కడే ఉంది. తెచ్చింది నేను కాదు, మీ అక్క.

ఆమె భర్త అబ్దుల్ సలాం ఈ ఊళ్లో బాడుగ జీపు నడిపేవాడు. ఎనభై మూడు ఎలక్షన్లలో వేంపల్లె నుంచి తిరిగి వస్తుండగా జీపు మీద బాంబులు వేశారు. ఎవరి కోసం వేశారో తెలియదు. జీపులో అతను తప్ప ఎవరూ లేరు. పేపర్లో నాలుగు వరుసలు వచ్చింది. యశోద అది చదివి, అన్నం తినకుండా అతని శవం ఉన్న ఆసుపత్రికి వెళ్లింది. సాయంత్రం ఈమెను వెంటబెట్టుకుని వచ్చింది. "ఈమెకు ఎవరూ లేరు" అంది. నేను ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం నా అలవాటు.

రేషను కార్డు రాయించేటప్పుడు గుమాస్తా, గుల్జార్‌బీ మాకు ఏమవుతుందని అడిగాడు. యశోద "చెల్లెలు" అంది. అతను మూడు పేర్లూ పైకి చదివాడు. యాకోబు, యశోదమ్మ, గుల్జార్‌బీ. చదివి నవ్వాడు. యశోద నవ్వలేదు. అతను రాసేదాకా కిటికీ దగ్గరనుంచి కదల్లేదు.

ఆసుపత్రిలో ఎనిమిది నెలలు యశోద మంచం కింద పడుకున్నది ఆమే. ఒళ్లు తుడిచింది ఆమే. ఇప్పుడు ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుడుతుంది. యశోద వస్తువుల్లో కళ్లజోడు ఒక్కటే అడిగి తీసుకుంది. కుట్టేటప్పుడు పెట్టుకుంటుంది.

ఆమెను పంపను. మనుషుల్ని పంపదలిస్తే పంపండి. మా వీధి తలుపుకు గొళ్లెం సరిగా పడదు.

యాకోబు

*

3-12-89

సారుకు,

మూడు నెలలు రాయలేదు. రాయలేకపోతి.

ఎలక్షన్లలో మా పార్టీ ఓడిపాయె. ఓట్లు లెక్కపెట్టిన మర్నాడే మా గడ్డివామి కాల్చినారు. బోరు మోటారు పగలగొట్టినారు. నా పెండ్లాం రమణమ్మను, పాపను వల్లూరికి పుట్టింటికి పంపిస్తి. అమ్మ పోనంటాది. "కోడలి పుట్టింట్లో నేను ఏమని కూర్చుండేదిరా, కూతురిల్లయితే ఉండొచ్చు గాని" అనె.

అప్పుడు చెప్పినా సారూ, అక్క పోయిందని. ఇరవై ఏండ్ల కిందట చచ్చిందని స్నానం చేసిన కూతుర్ని మళ్లా చచ్చిందని చెప్పేదానికి నోరు రాదు. అయినా చెప్పినా. ఆమీద "అల్లుడుండాడు గదా" అనె.

పంపిస్తాండా. బుధవారం వస్తాది. కండ్లు సరిగా కనపడవు. మడి, ఆచారం అని మిమ్మల్ని తిప్పలు పెడ్తాది. ఓర్చుకోండి.

నేనిప్పుడు ఊర్లో లేను. యాడుండేదీ రాయను. వేంపల్లెలో నారాయణ గుడ్డలంగడికి రాస్తే నాకు అందుతాది. పైన నారాయణ పేరే రాయండి. కవరు బాగా అతికించండి.

ఆది

*

ప్రొద్దుటూరు,
26 డిసెంబర్ 1989

క్షేమం.

అత్తగారు చేరారు. వచ్చిన రోజు గడప బయటే నిలబడి "ఏమప్పా, నేను లోపలికొస్తే మీ దేవునికేమన్నా అడ్డమా?" అన్నారు. అడ్డం లేదన్నాను. "మా దేవునికి అడ్డమేలే, అయినా వస్తా" అని వచ్చారు.

తొమ్మిది రోజులు పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుని తనే వండుకున్నారు. పదో రోజు జ్వరం వచ్చింది. గుల్జార్‌బీ సంగటి, పప్పు చేసి మంచం దగ్గర పెట్టి వచ్చింది. మధ్యాహ్నందాకా ముట్టలేదు. తరువాత మాటలు వినిపించాయి.

"ఎవురు చేసినారు ఇది?"

"నేనే అవ్వా."

"ఉప్పు తక్కువ."

"అక్కకు ఉప్పు వద్దన్న్యారు అవ్వా డాక్టర్లు. చెయ్యి దానికే అలవాటు పడిపోయింది."

గిన్నె ఖాళీ అయింది. అప్పటి నుంచి రాళ్లు రాజేయలేదు. ఇప్పుడు రోజూ ఉప్పు గురించి పోట్లాట. మిషను చప్పుడుకు నిద్ర పట్టదంటారు. మిషను ఆగితే "ఏమైందే, పడుకున్న్యావా" అని పిలుస్తారు. నిన్న క్రిస్మస్. నేను గుడికి వెళ్లకుండా కూర్చున్నాను. అత్తగారే "పండగపూట ఇంట్లో కూర్చుంటావేందప్పా" అని కసిరి పంపారు.

మీరు మూడు నెలలు రాయకపోతే, గుల్జార్‌బీ గురించి రాసింది మీకు అసహ్యం కలిగించిందని అనుకున్నాను. అమ్మను ఈ ఇంటికే పంపారు కనుక నేను అనుకున్నది తప్పు. ఆ మాట చెప్పాలనిపించింది.

యాకోబు

*

8-1-90

బావకు,

అట్ల రాయొచ్చునో లేదో తెల్దు. రాస్తాండా.

అసహ్యం గాదు బావా. ఆ జీపు మీద బాంబులేసింది మావాళ్లే.

ఎదుటి వర్గం పెద్దాయన ఆ జీపులో పోతాడని కబురొచ్చె. రోడ్డు వంపులో తుమ్మచెట్ల వెనక ఆరుగురు కూర్చున్న్యారు. అందులో నేనొకణ్ణి. నేను వేయలేదు. వేయమని చెయ్యూపింది మాత్రం నేనే. ఆయప్ప వేంపల్లెలోనే దిగిపోయినాడని మాకు తెల్దు. పొగ పోయినాక చూస్తే డ్రైవరు ఒక్కడే. నీళ్లు నీళ్లు అనె. ఇయ్యలేదు. పరిగెత్తితిమి. కేసులో మా పేర్లు రాలేదు.

ఆయన పేరు గూడా నీ జాబు చదివేదాకా నాకు తెల్దు. "డ్రైవరు" అనుకుంటా ఉంటిమి ఇన్నాళ్లు.

నీకు చెప్పకుండానే అమ్మను పంపిస్తి. ఇంకో తావు లేదు. ఇప్పుడు ఆయమ్మ చేతి సంగటి మా అమ్మ తింటాదని నువ్వు రాసినావే, అది చదివినప్పట్నుంచి నాకు మెతుకు దిగడం లేదు. ఆయమ్మకు చెప్పొద్దు. చెప్తే అమ్మను యాడికి తోలేది?

అక్కకు తెలుసునా బావా? అదొక్కటి చెప్పు.

ఆది

*

ప్రొద్దుటూరు,
17 జనవరి 1990

మీ ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో వేశాను.

యశోదకు తెలుసు. ఆరోజు పేపర్లో చింతమానుపల్లె పేరుంది. నేను కూడా చదివాను. నాకు అది ఊరి పేరు మాత్రమే. పేపరు మడిచి పెట్టి ఆమె అడిగింది, "జీపులు పోయే దారి మా ఊరికి అంత దగ్గరా?" అని. పటం తీసి చూపించాను. చరిత్ర చెప్పేవాణ్ణి కదా, పటం దగ్గరే ఉంటుంది. అంతకుమించి నాకు తట్టలేదు.

నేను చెప్పను. అత్తగారు ఉన్నంతకాలం చెప్పను. ఆ తరువాత చెప్పవలసింది మీరు. ఎదురుగా నిలబడి చెప్పాలి. ఉత్తరంలో కాదు.

నాకు మీ మీద కోపం ఉందో లేదో అడగకండి. పూటపూటా ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూర్చుని భోజనం చేస్తున్నాను. తల ఎత్తి ఎవరి ముఖమూ చూడలేకపోతున్నాను. గుల్జార్‌బీ, నాకు ఒంట్లో బాగాలేదనుకుని మిరియాల చారు పెడుతున్నది.

అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. డాక్టరు గుండె అంటున్నాడు.

యాకోబు

*

(పోస్టు కార్డు)

ప్రొద్దుటూరు, 3-2-90

నారాయణ గారికి. మా అత్తగారు మునెమ్మ గారు నిన్న, శుక్రవారం, తెల్లవారి పోయారు. సాయంత్రం పెన్నా ఒడ్డున దహనం చేశాము. కొడుకు దగ్గర లేనందున కొరివి నేను పెట్టాను. తప్పయితే నాది. పదకొండో రోజు 12వ తేదీ సోమవారం. ఉదయం ఎనిమిదికి పెన్నా ఇసుకలో, వంతెన కింద. తెలియవలసిన వారికి తెలియజేయగలరు. యాకోబు.

*

వేంపల్లె,
10-2-90

బావకు,

కార్డు ఈ పొద్దు చూసినా. మూలకు మసి బాగా పూసినావు. మా నాయన పూసినట్టే ఉంది.

అది మంగళవారమే వచ్చిందంట. నారాయణ ఆచారం తెలిసినోడు, చావు కార్డు అంగడి లోపలికి తేలేదు. నేనొచ్చి చదివేదాకా చించగూడదు గదా. బయట చూరులో చెక్కిపెట్టినాడు. నాలుగు దినాలు ఆడనే ఉంది. నడుమ సంత జరిగె. ఎంతమంది చదివినారో నారాయణకు తెల్దు. "పోవద్దప్పా" అని కాళ్లు పట్టుకుంటాండాడు.

నువ్వు తప్పు చేసినావని మాత్రం అనుకోవద్దు. మొదట్లో కవర్లో రాసినావని నిన్ను తిట్టిందెవురు? నేనే. పరాయోడైతే కవర్లోనే రాసుండు. ఇంటి మనిషి రాసినట్టు రాసినావు.

వస్తా. బతికుండే అక్కకు నీళ్లు పోసినోణ్ణి, చచ్చిన అమ్మకు పోయకుండా ఎట్లుండేది? సోమవారం మొదటి బస్సుకు వచ్చి వంతెనకు ముందే దిగుతా. పని అయినాక ఆయమ్మకు చెప్తా. నువ్వన్నట్టే ఎదురుగా నిలబడి. ఆయమ్మ చెప్పుతో కొడితే కొట్టించుకుంటా. నువ్వు పక్కనుండు చాలు.

ఇట్లు నీ బావమరిది,
ఆది

*

ప్రొద్దుటూరు,
16 ఫిబ్రవరి 1990

చెల్లెలు రమణమ్మకు,

వరసకు మీరు నాకు చెల్లెలవుతారని అత్తగారు చెప్పారు. అందుకని అలా రాస్తున్నాను. ఇది కవరులో పంపుతున్నాను. కార్డు నేనిక రాయను.

సోమవారం సాయంత్రం మీవాళ్లు వచ్చి ఆదిని వల్లూరికి తీసుకుపోయారు. ఆసుపత్రిలో వాళ్లతో మాట్లాడే వీలు లేకపోయింది. వేంపల్లె నారాయణే శత్రువులకు కబురిచ్చాడని మీ తమ్ముళ్లు అనుకుంటున్నట్టు నిన్న తెలిసింది. నారాయణ ప్రాణం పోకముందు మీకు నిజం తెలియాలి. నారాయణ ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నా కార్డు. రోజు, వేళ, చోటు నా చేత్తో రాశాను. కవరు అతికించి పంపమని ఆది ముందే రాశాడు. చావు కబురు కవరులో రాయరని అంతకుముందు రాశాడు. రెండూ గుర్తున్నాయి. ఒక రాత్రంతా ఆలోచించి రెండో మాట పాటించాను. ఈసారైనా మీ ఇంటి ఆచారం తప్పకూడదనుకున్నాను. అతని చివరి ఉత్తరం మంగళవారం నాకు అందింది. దీనితో జతచేశాను. నారాయణ సంగతి అందులో ఉంది. మీ తమ్ముళ్లకు చదివి వినిపించండి.

ఇక జరిగింది రాస్తాను. మీరు అడగకపోయినా రాయాలి.

ఇసుకలో అయ్యవారు, నేను, గుల్జార్‌బీ ఉన్నాం. ఒకతను వంతెన పక్కనుంచి దిగి వచ్చి "బావా" అన్నాడు. మేము ఒకరినొకరు అంతకుముందు చూడలేదు. ఎడమ చెవిలో దూది చూసి గుర్తుపట్టాను. తగ్గిందని రాశాడు కాని తగ్గలేదు. చొక్కా విప్పి, నీళ్లలో మునిగి వచ్చి కూర్చున్నాడు. అయ్యవారు చెంబు నింపి చేతికిచ్చారు. మూడుసార్లు పోశాడు. మీ అత్తగారికి నీళ్లు అందాయి. అది మాత్రం మీకు తెలియాలి.

ఆ తరువాత నలుగురు వచ్చారు. అయ్యవారు పారిపోయారు. నేను అడ్డం వెళ్లాను. నన్ను పక్కకు తోశారు, అంతే. నేను వాళ్లకు ఏమీ కాను.

వాళ్లు పోయాక కొంతసేపు ప్రాణం ఉంది. నీళ్లు అడిగాడు. చెంబు గుల్జార్‌బీ తెచ్చింది. తల ఒళ్లో పెట్టుకుంది. ఆమె ఎవరో అతనికి అర్థమైంది. "అమ్మా, నీ మొగుణ్ణి..." అన్నాడు. ఆమె "తెలుసప్పా. తాగు" అంది. తాగాడు.

ఆ మాట ఏమిటో ఇంటికి వచ్చాక అడిగాను. ఇరవై ఏళ్ల అలవాటు తప్పి అడిగాను. ఆసుపత్రి వరండాలో మొదటి రోజే యశోద ఆమెకు చెప్పిందట. "మా ఊరోళ్లే చేసింటారు. నా తమ్ముడుంటాడు అందులో. ఇంటికి రా, లేకుంటే ఈడనే నన్ను ఏమన్నా చెయ్యి" అని. గుల్జార్‌బీ ఆరోజు ఏమీ చేయలేదు. "నాకు పోయేదానికి తావు లేదు, ఆయక్కకూ లేదు. పోతిమి" అంది. అత్తగారికి సంగటి పెట్టింది అంతా తెలిసే. ఆది, నేను ఆమె దగ్గర దాచామనుకున్నాం. దాగింది నా ఒక్కడి దగ్గరే.

పోలీసు ఇనస్పెక్టరు, చనిపోయినతను నాకు ఏమవుతాడని అడిగాడు. బావమరిది అన్నాను. నా పేరు రాసుకుని, మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. గుల్జార్‌బీని అడిగాడు. ఆమె "ఇంటి మనిషి" అంది. అతను ఆ మాట రాసుకోలేదు. రాసేదాకా నిలబడటానికి యశోద లేదు. నేను నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. రాశాడు.

మీ ఊరికి మీరిక వెళ్లలేరని విన్నాను. మీ పుట్టింట్లో మీ తమ్ముళ్లు కత్తులు నూరుతుంటే పాపతో ఎన్నాళ్లు ఉంటారో నాకు తెలియదు. ఇది చెప్పమన్నది గుల్జార్‌బీ. నేను రాస్తుంటే మిషను దగ్గరనుంచి అంది, "ఆయమ్మను గూడా రమ్మని రాయి సారూ. పిల్లను ఎత్తుకొని యాడికి పోతాది."

అత్తగారు పడుకున్న గది ఖాళీగా ఉంది. సున్నం వేయించాను.

వస్తే వంతెన దగ్గర దిగవద్దు. బస్టాండుదాకా రండి. ఇద్దరం వచ్చి ఉంటాం.

యాకోబు